మీథేన్ తినే బ్యాక్టీరియా: ఒంటి జాతి మేలా, కలగలుపు మేలా?

ఉభాలు ముగిసిన కొన్ని వారాలకు నాగావళి పక్కన పల్లపు మడిలో కాలు దించితే, మడమ చుట్టూ బురదలోంచి బుడగలు పైకి వస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. అయితే బురదలో పుట్టిన మీథేన్ అంతా గాలిలో కలవదు. వరి వేళ్ల నుంచి ఊరే కాస్త ఆక్సిజన్‌ను ఆసరా చేసుకుని అక్కడే బతికే బ్యాక్టీరియా అందులో కొంత తినేస్తుంది. మడిలో ఆ పనిని అనేక జాతులు కలిసి చేస్తాయి. అదే పనిని మనం తొట్టిలోనో చెత్త దిబ్బ మీదనో చేయించదలిస్తే, వేరుచేసిన ఒకే జాతిని పెంచాలా, మట్టిలో ఉన్నట్టే సమూహాన్ని పెంచాలా అన్నది ప్రశ్న.

ప్రయోగశాలలో ఒంటి జాతికే నా ఓటు. మీథేన్‌ను మిథనాల్ అనే ఆల్కహాల్‌గా మార్చే ఎంజైమ్‌కు రాగి అవసరమనీ, రాగి కరువైతే కొన్ని జాతులు ఇనుముతో పనిచేసే మరో ఎంజైమ్‌ను తయారుచేసుకుంటాయనీ తెలిసింది అలాంటి పెంపకాల వల్లనే.

తొట్టి పెద్దదయ్యేకొద్దీ లెక్క మారుతుంది. మిథనాల్ పేరుకుంటే దాన్ని తయారుచేసిన బ్యాక్టీరియాకే అది విషం. పక్కన హైఫోమైక్రోబియం అనే మరో బ్యాక్టీరియా ఉంటే ఆ మిథనాల్‌ను అది తినేసి తొట్టిని నిలబెడుతుందని 1970లలోనే గమనించారు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణపు వేడినీటి బుగ్గల నుంచి తీసిన మిథైలోకాకస్ క్యాప్సులేటస్‌తో, దాదాపు 70 శాతం ప్రొటీన్ ఉండే చేపల మేతను నార్వేలో తయారుచేసినప్పుడు కూడా దాన్ని ఒంటరిగా వదలలేదు. సహజ వాయువులోని ఈథేన్, ప్రొపేన్‌లను అది సగం మార్చి అసిటేట్, ప్రొపియోనేట్‌లుగా వదిలేస్తుంది కనుక, ఆ ఎంగిలి తినడానికి మరో మూడు జాతులను చేర్చారు. మేత ధరకు తల పట్టుకునే పూసపాటిరేగ తీరపు రొయ్యల రైతుకు ఇది ఆశ పుట్టించే మాటే గాని, పైపులైను గ్యాసూ భారీ యంత్రాలూ లేనిచోట సాగే పని కాదు.

సమూహానికి ఉన్న లోపం, దాని కూర్పు నిలకడగా ఉండకపోవడం. ఈ బ్యాక్టీరియా కణాల్లో నిల్వ ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని తీయదలచినవారికి, ఈ నెల వచ్చిన సరుకు వచ్చే నెల రాకపోవచ్చు.

మన పల్లెల్లో గోబర్ గ్యాసును బ్యాక్టీరియాకు పెట్టడం దండగ. సగానికి పైగా మీథేన్ ఉన్న ఆ వాయువు పొయ్యిలో చక్కగా మండుతుంది. గాలిలో 5 శాతం కంటే తక్కువగా కలిసిన మీథేన్ అంటుకోదు. ఊరి చెత్త దిబ్బ నుంచి అలా పలచగా ఊరే వాయువుకే సమూహం కావాలి, ఎందుకంటే నూరేళ్ల లెక్కలో మీథేన్ బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడిని పెంచుతుంది. అందుకు సీసాలో బ్యాక్టీరియాను కొనవలసిన పని లేదు, బాగా మాగిన గత్తాన్ని గుల్ల మట్టితో కలిపి దిబ్బ మీద మందంగా పరిస్తే, అందులో ముందే ఉన్న జాతులు మీథేన్ తగిలేకొద్దీ పెరుగుతాయి. పచ్చి పేడ మాత్రం పనికిరాదు, ఆక్సిజన్‌ను అదే మింగేస్తుంది. పొర ఎండిపోకుండా తడి చూసుకోవాలి. తుఫాను వానలకు అది ముద్దయితే గాలి దూరే సందులు మూసుకుపోతాయి కనుక, ఆరగానే పారతో మళ్లీ గుల్ల చేయాలి.