చిన్న క్లాసులా, రోజువారీ ట్యూటరా? అమెరికా నగరాల బడుల్లో జాతి అంతరం తగ్గాలంటే ఏది మేలు?

చికాగో, న్యూయార్క్ లాంటి నగరాల ప్రభుత్వ బడుల్లో నల్లజాతి, లాటినో పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ మధ్య మార్కుల్లో పెద్ద తేడా ఉంది. దాన్ని తగ్గించడానికి స్కూల్ బోర్డుల ముందుకు తరచూ వచ్చే ప్రతిపాదనలు రెండు: క్లాసులో పిల్లల సంఖ్య తగ్గించడం, బడివేళల్లోనే రోజూ ట్యూటర్‌ను ఇవ్వడం. డబ్బు ఒకదానికే సరిపోతే ముందు ఏది?

చిన్న క్లాసులకు అసలైన రుజువు టెనెసీ రాష్ట్రానిది. 1985లో మొదలైన స్టార్ ప్రయోగంలో కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా సుమారు 11,600 మందిని లాటరీ పద్ధతిలో 13–17 మంది క్లాసులకూ, 22–25 మంది క్లాసులకూ పంపారు. చిన్న క్లాసుల్లో సగటు లాభం ఎంతంటే, 50వ పర్సెంటైల్‌లో (అంటే వందలో యాభై మందికన్నా ముందు) ఉండాల్సిన పిల్లాడు దాదాపు 58కి చేరినంత. నల్లజాతి పిల్లలకు అంతకన్నా ఎక్కువే దక్కింది. తర్వాత కాలేజీ ప్రవేశ పరీక్షలు రాసేవారిలో జాతి తేడా సగానికి పైగా తగ్గింది. పెద్ద క్లాసులోనే టీచర్‌కు సహాయకురాలిని ఇస్తే మాత్రం పెద్దగా ఫలితం లేదు.

చిక్కంతా అమలులోనే. తరగతికి 24 మంది చొప్పున మూడు సెక్షన్లుంటే, 15కి తగ్గించడానికి ఐదు సెక్షన్లు కావాలి. నాలుగు తరగతులకు కలిపి ఎనిమిది మంది కొత్త టీచర్లు, ఎనిమిది గదులు. 1996లో కాలిఫోర్నియా రాష్ట్రమంతా ఒకేసారి 30 నుంచి 20కి దించింది. శివారు బడుల్లో ఖాళీలు రాగానే నగరాల్లోని అనుభవజ్ఞులు అటు వెళ్లారు. పేద పిల్లల క్లాసుల్లోకి లైసెన్సు లేని కొత్తవాళ్లు వచ్చారు. న్యూయార్క్ నగర బడుల్లో క్లాసుల సైజు తగ్గించాలన్న 2022 చట్టం మీద ఉన్న అభ్యంతరమూ ఇలాంటిదే: అక్కడ పేద బడుల్లో క్లాసులు ఇప్పటికే చిన్నవి, కాబట్టి కొత్త డబ్బులో ఎక్కువ భాగం కాస్త ఉన్నవాళ్ల బడులకే పోతుంది. అందరికీ ఒకేలా పంచితే అంతరం ఎలా తగ్గుతుంది?

ట్యూటర్ పద్ధతికి చికాగో హైస్కూళ్లే ఉదాహరణ. 9, 10 తరగతుల పిల్లలకు, ఎక్కువగా నల్లజాతి, లాటినో వారికి, రోజూ ఒక పీరియడ్ లెక్కలు. ఒక్కో ట్యూటర్ దగ్గర ఇద్దరే. సగం సమయం పాత లోపాలకు (భిన్నాలు, రుణ సంఖ్యలు), మిగతా సగం ఆ వారం క్లాసు పాఠానికి. 50వ పర్సెంటైల్ పిల్లాడు 57–65 మధ్యకు చేరినంత లాభం, ఏడాదిలోనే. ఖర్చు పిల్లాడికి సుమారు 3,500–4,300 డాలర్లు. ట్యూటర్‌కు టీచర్ లైసెన్సు అక్కర్లేదు. రోజుకు ఆరు పీరియడ్లు చెబితే పన్నెండు మందిని చూసుకోగలడు.

ఇది చెడేది ఇలా: బడి అయ్యాక పెడితే అవసరమున్నవాళ్లే రారు. ఇష్టమైతే లాగిన్ అవ్వమని ఆన్‌లైన్‌కు వదిలేస్తే బాగా చదివేవాళ్లే వాడుకుంటారు. ఇద్దరి గుంపు ఏడుగురైతే అది మరో క్లాసే. లెక్కల పీరియడ్ తీసేసి ఆ సమయంలో ట్యూటర్‌ను పెడితే ఒకటిచ్చి ఒకటి లాక్కున్నట్టే. ఐచ్ఛిక పీరియడ్‌లో పెట్టాలి. టెనెసీలోని నాష్‌విల్ నగరంలో ట్యూటర్లను వేలమందికి విస్తరించినప్పుడు చదవడంలో స్వల్ప లాభమే కనిపించింది, లెక్కల్లో అదీ లేదు.

ఈ రెండింటినీ మించినది మూడోది ఉంది: వేర్వేరు జాతుల పిల్లల్ని ఒకే బడిలో కలిపి చదివించడం. జాతీయ పరీక్షల్లో 13 ఏళ్ల నల్లజాతి, తెల్లజాతి పిల్లల మధ్య పఠన అంతరం 1971లో 39 పాయింట్లు, 1988లో 18. ఆ తగ్గుదలకు కారణాలు పలు. అలా కలిపి చదివించడం వాటిలో ముఖ్యమైనది. కానీ డెట్రాయిట్ కేసులో 1974 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో, ఎక్కువగా తెల్లజాతివారుండే శివార్ల బడులను నగరం బడులతో కలిపే దారి దాదాపు మూసుకుపోయింది. మనవాళ్లు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో బడి రేటింగ్ చూసి ఇల్లు కొంటారు. ఆ రేటింగ్ చాలావరకు తల్లిదండ్రుల ఆదాయాన్నే చూపిస్తుంది, బోధనను కాదు.

మా అంచనాలో, లైసెన్సున్న టీచర్లు దొరుకుతూ గదులు ఖాళీగా ఉంటే కిండర్‌గార్టెన్, ఒకటో తరగతుల్లో చిన్న క్లాసులే మేలు, అదీ అత్యంత పేద బడుల్లో ముందు. మిగతా చోట్ల, ముఖ్యంగా ఆల్జీబ్రా తప్పుతున్న 9వ తరగతికి, ట్యూటరే. ఒక్క షరతు: డబ్బు శాశ్వత బడ్జెట్‌లోంచి రావాలి. బడులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కోవిడ్ సాయం గడువు 2024 సెప్టెంబరులో తీరాక, ఆ నిధుల మీదే నడిచిన ట్యూటర్ కార్యక్రమాలకు చాలా జిల్లాల్లో డబ్బు కరువైంది.