పాత అంబాసిడర్‌కి ఇసుజు ఇంజను, 5 గేర్ల బాక్సు: ఏళ్లు వాడాక నా మాట

మా మార్క్ 4 అంబాసిడర్‌కి ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజను వేయించి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ బంకులో ఎవరో ఒకరు బానెట్ ఎత్తమని అడుగుతారు, చూశాక వచ్చే ప్రశ్న ఒకటే, ఇంజను ఎంతకి దొరికిందండీ అని. ఇంజను రేటుదేముందండీ, దాన్ని బండిలో కూర్చోబెట్టడానికి చుట్టూ అయ్యే ఖర్చే అసలు ఖర్చు.

అన్నిటికంటే చవక, ఉన్న 1489 సీసీ ఇంజన్నే బోరు చేయించి పిస్టన్లు, రింగులు మార్చుకోవడం. ఓవర్‌హెడ్ వాల్వ్, పుష్‌రాడ్ల పాత ఇనుప ఇంజను, ఏ ఊరి మేస్త్రీ అయినా విప్పి బిగించేస్తాడు, ఊళ్లో తిరగడానికే అయితే నేనూ అదే చేయించుకోమంటా. కొందరు టొయోటా 2సి డీజిల్ పెట్టిస్తారు, లాగుడు బాగానే ఉంటుంది గానీ ఇంజను కూర్చునే మౌంట్లు కొత్తగా కట్టాలి, గేరు బాక్సు, దాన్నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే షాఫ్ట్ అన్నీ లేతు పనే, పైగా ఆర్సీలో ఇంధనం కూడా మారాలి. నేను ఇసుజుకి వెళ్లింది ఎందుకంటే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే ఈ 1817 సీసీ ఇంజన్ని ముందు కాంటెస్సాలో, 90ల్లో అంబాసిడర్ 1800లో పెట్టారు, అంటే ఇదే బాడీకి సరిపోయే సామానంతా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

మా విజయవాడ ఆటోనగర్లో ఇంజను ఒక కొట్లో, బాక్సు ఇంకో కొట్లో తక్కువకి ఇస్తామంటారు, వద్దు. కోతకి వచ్చిన 1800 బండి చూసుకుని ఇంజను, బాక్సు, క్లచ్, దాని మీద తొడుగు బెల్ హౌసింగ్, మౌంట్ బ్రాకెట్లు, షాఫ్ట్, రేడియేటర్, చివరికి స్పీడోమీటర్ కేబుల్ కూడా ఒకే బేరంలో తీసుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, మీరు వెళ్లేసరికే వేడిగా ఉందంటే ఏదో ఉన్నట్టే. బాక్సు మాత్రం పైకి చూసి ఏమీ తెలియదు. మా మేస్త్రీ డ్రెయిన్ నట్టు తీయించి ఆ నల్ల నూనె అరచేతిలో పట్టి ఎండలో బొటనవేలితో రుద్దాడు, మెత్తటి బూడిద పొడి అయితే పర్లేదండీ, పసుపు మెరుపు కనిపిస్తే గేరు నున్నగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగిపోయినట్టు, రేకులు వేలికి తగిలితే మాత్రం లేచి వచ్చేయడమే అన్నాడు. రెండు బాక్సులు అక్కడే వదిలేశాం.

బిగించేటప్పుడు స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు తీసేసి, కింద గేరు రాడ్డు కోసం ఫ్లోర్ కోయాలి. షాఫ్ట్ పొడవు సరిచేయించాక బాలెన్సింగ్ తప్పకుండా చేయించాలి, మాకు మొదట చేసినాయన అంతా ఓకే అని పంపించాడు, 70 దాటగానే సీటు కింద ఒకటే వణుకు, మళ్లీ ఇంకోచోట డబ్బులు పోసి చేయించాం. ఇంజను మార్పుకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, పని మొదలెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని కాగితాలు కదపండి, కొన్న ఇంజను నంబరు తాలూకు బిల్లు జాగ్రత్త.

నడపడం సంగతికొస్తే అసలు సుఖం ఇంజన్లో కంటే ఐదో గేర్లో ఉంది. పాత బాక్సులో నాలుగో గేరే ఆఖరు, షాఫ్ట్ ఇంజనుతో సమానంగా తిరుగుతుంది, అందుకే 80లో ఇంజను మొత్తుకుంటుంది. ఇందులో ఐదోది ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను కంటే షాఫ్టే వేగంగా తిరుగుతుంది, గుంటూరు వెళ్లేటప్పుడు కాజ టోల్ దాటి ఐదులో వేస్తే పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. మైలేజీ హైవేలో పర్లేదు, ఊళ్లో అడక్కండి.

మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి పాకేది, రేడియేటర్ కోర్ మార్పించి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాకే కుదురుకుంది. ఇథనాల్ 20 శాతం పెట్రోల్ వచ్చాక పాత రబ్బరు పైపులు మెత్తబడ్డాయి, అన్నీ మార్పించేశా, కార్బురేటర్ కిట్ కూడా. ఇంకోటి, ఇంజను బలం పెంచి నాలుగు చక్రాలకీ పాత డ్రమ్ము బ్రేకులే ఉంచితే ఆపడం కష్టం, ముందు చక్రాలకి డిస్కుల ఖర్చు కూడా ఇంజను బడ్జెట్లోనే కలిపేసుకోండి.

నాకు నచ్చనిది టైమింగ్ బెల్ట్ ఒక్కటే, ఇంజను వాల్వుల్ని వేళకి నడిపించే రబ్బరు బెల్టు, కొన్నాళ్లకోసారి మార్చాల్సిందే. పాత ఇంజన్లో చైను కాబట్టి ఆ గోలే లేదు, ఇప్పుడు ఆటోనగర్ వైపు ఏ పని మీద వెళ్లినా కొట్లో ఉందేమో అడిగి, సరైనది కనబడితే ఒకటి కొని డిక్కీలో పడేస్తున్నా.