టాన్సిల్స్ తీయించుకున్నాక మాత్ర: నొప్పి పుట్టినప్పుడా, వేళ ప్రకారమా?

నలభై ఏళ్లు దగ్గరపడ్డాక టాన్సిల్స్ ఆపరేషన్ చేయించుకున్నానని తెలిసినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: నొప్పికి ఏ మాత్ర మేలు? నన్నడిగితే ఏ మాత్ర అన్నది తరువాతి సంగతి, ఎప్పుడు వేసుకున్నామన్నదే అసలు సంగతి.

మొదటి రెండు రోజులు నొప్పి పుట్టినప్పుడే వేసుకున్నాను. మాత్రలు ఎంత తగ్గితే అంత మంచిదన్న పొదుపు బుద్ధి నాది. పారాసెటమాల్ పని మొదలుపెట్టడానికి అరగంటకు పైనే పడుతుంది. ఆలోగా ఉమ్మి మింగాలన్నా భయమే. ఆ భయంతో నీళ్లు మానేస్తే గొంతు ఎండుతుంది, ఎండిన గొంతు ఇంకా మండుతుంది. మూడో రోజు నుంచి పద్ధతి మార్చాను: ఆరు గంటలకొకసారి 650 మిల్లీగ్రాములు, నొప్పి ఉన్నా లేకపోయినా. రాత్రి రెండు గంటలకు అలారం కూడా పెట్టుకున్నాను. అది తప్పిన రోజు తెల్లవారుజామున పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. ఉదయం మాత్ర వేసుకుని ముప్పావు గంట ఆగితే పాలలో నానిన ఇడ్లీ దిగేది. ఒక్క జాగ్రత్త: ఆరోగ్యవంతులైన పెద్దలకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో ఉన్న పారాసెటమాల్ కూడా ఆ లెక్కలోదే. కాలేయం జబ్బున్నవారు డాక్టరు చెప్పినంతే వేసుకోవాలి. నొప్పి తగ్గుముఖం పట్టాక మాత్రం మొదటి పద్ధతే మేలు, మాత్రలు మానడానికి అదే దారి.

పారాసెటమాల్‌కు తోడుగా మరో నొప్పి మాత్ర కావాలంటే ఐబుప్రొఫెనా, ట్రమడాలా? రక్తస్రావం భయంతో కొందరు సర్జన్లు ఐబుప్రొఫెన్ వద్దంటారు. అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2019లో పిల్లలకు ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ లేదా రెండూ సిఫారసు చేసింది. పెద్దల విషయంలో మీ సర్జన్ మాటే వినండి. మా సర్జన్ సరేనన్నారు, తిన్న తరువాతే అని షరతు పెట్టారు. ట్రమడాల్ నాకు పడలేదు. పుండు మీద వాంతి ఎలా ఉంటుందో రెండు మాత్రలతోనే తెలిసింది, పైగా మలబద్ధకం. ఆస్పిరిన్ జోలికి వెళ్లకండి.

ఐస్ ముక్కలు హాయిగా ఉంటాయి, చల్లనిది గొంతుకు పడదన్న ఇంట్లోవాళ్ల మాట ఈసారికి పక్కన పెట్టండి. తేనె, పుక్కిలింతలు ఎవరిష్టం వారిది.

ఐదో రోజుకు తగ్గిందని మాత్రలు ఆపబోయాను. ఐదు నుంచి పది రోజుల మధ్య పుండు మీది తెల్లటి పొర ఊడేటప్పుడే నొప్పి మళ్లీ లేస్తుంది, చెవుల్లోకి పాకుతుంది. గొంతుకు, చెవికి ఒకే నరం శాఖలు వెళ్లడమే కారణం. చెవికి చుక్కల మందు కొనకండి. ఉమ్మిలో ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్ర కోసం వెతక్కుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.