పాలమూరు నుంచి నల్లగొండ దాకా: స్వస్థత ప్రార్థనల దారిలో కొన్ని అనుభవాలు

జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళను స్వస్థత కూటాలకు తీసుకువెళ్ళే కుటుంబాలు పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. అయినా ఆ ప్రయాణంలో ఎక్కడ దిగాలో, రాత్రి ఎక్కడ తల దాచుకోవాలో, చక్కెర జబ్బు ఉన్న మనిషి ఉపవాస ప్రార్థనలో సాయంత్రం దాకా ఎలా కూర్చోగలదో చెప్పేవారు అరుదు. స్వస్థత పొందామని చెప్పుకునే సాక్ష్యాల వీడియోలు అద్భుతాన్ని చూపిస్తాయి గానీ అక్కడి మరుగుదొడ్ల సంగతి చెప్పవు. ఏళ్ళ తరబడి షుగరుతో బాధపడుతూ, అరికాళ్ళ మంటలతో రాత్రిళ్ళు నిద్ర లేని మా పెద్దమ్మ, తాను పేర్లు విన్న ప్రార్థనా స్థలాలన్నీ ఒకసారి చూసి రావాలని పట్టుబట్టినందువల్ల నేను ఆమె వెంట వెళ్ళాను. మా ఇంట్లో మూడు తరాలుగా క్రైస్తవ విశ్వాసం ఉంది. ప్రార్థన వల్ల రోగి బాగుపడగలడని నేను నమ్ముతాను. కాబట్టి ఈ రాత నమ్మకానికి పెట్టిన పరీక్ష కాదు, ఆ నమ్మకంతో వచ్చినవారిని ఎవరు ఎలా చూసుకుంటున్నారన్న దాని గురించినది.

హైదరాబాదు నుంచి 44వ జాతీయ రహదారి మీద బయలుదేరిన ఎవరికైనా మొదట తగిలేది శంషాబాద్. ఇప్పుడు ఆ పేరు వినగానే విమానాశ్రయం గుర్తుకొస్తుంది గానీ, దక్షిణ తెలంగాణ క్రైస్తవుల జ్ఞాపకంలో అది మెనొనైట్ బ్రెదరెన్ అనే ప్రొటెస్టెంటు శాఖ మిషను ఊరు. 1899లో అమెరికా నుంచి వచ్చిన ఆ మిషను నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల, కల్వకుర్తి వంటి చోట్ల స్థిరపడింది. 1907లో ఈ దేశానికి వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ నాగర్‌కర్నూలులోనూ ఇతర మిషను కేంద్రాల్లోనూ రోగులను చూసి, 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. మిషను తెచ్చిన సువార్తకు వెనుకనే దవాఖానా కూడా నడిచి వచ్చిందన్న మాట.

ఈ మిషను కుటుంబంలో 1932లో పుట్టి, ఇక్కడి పల్లెల్లో పనిచేసిన పాల్ హీబర్ట్ తర్వాత పేరున్న మానవశాస్త్రవేత్త అయ్యారు. ఆయన 1982లో ప్రచురించిన ఒక వ్యాసంలో చెప్పిన విషయం ఈ యాత్ర పొడవునా నాకు గుర్తొస్తూనే ఉంది. పాశ్చాత్య మిషనరీలకు పైన దేవుడు, మోక్షం ఉన్నాయి, కింద వైద్యం, విజ్ఞానం ఉన్నాయి. ఆ రెంటికీ నడుమ మన పల్లెవాసులు నిత్యం ఎదుర్కొనే దిష్టి, దయ్యం, శాపం, గ్రహచారం, అకాల మరణ భయం వంటి వాటికి మాత్రం వారి దగ్గర జవాబు లేదు, అందువల్ల బాప్తిస్మం పొందినవారు కూడా ఆ సమస్యలు వచ్చినప్పుడు చాటుగా మంత్రగాడి గడప తొక్కారని ఆయన అభిప్రాయం. నేటి స్వస్థత కూటాలు కిక్కిరిసి ఉండడానికి ఇంతకన్న సూటైన కారణం నాకు కనబడలేదు.

మహబూబ్‌నగర్ బస్టాండు చుట్టుపక్కల సామాన్యమైన లాడ్జీలు చాలానే ఉన్నాయి. మేము దిగిన చోట గది శుభ్రంగానే ఉంది గానీ, లిఫ్టు లేదు, వేడినీళ్ళు పొద్దున ఏడు దాటితే రావు. మెట్లెక్కలేని మనిషి వెంట ఉంటే కింది అంతస్తు గది దొరికాకే సామాను దించాలి. ఖాళీగా దొరికిన ఒక సాయంత్రం పిల్లలమర్రికి కూడా వెళ్ళాము. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే ఆ మర్రిని చెదలు తినేస్తుంటే 2018లో సెలైను సీసాల వంటివి వేలాడదీసి, చుక్కచుక్కగా మందెక్కించి నిలబెట్టారు. ఆ సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ కొద్దిసేపు చెట్టు వంక చూసి, "చెట్టుకు సుత మందు పెట్టిన్రు గని, ప్రార్థన జేసిన్రా బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

యాత్రలో ప్రధానమైనది జడ్చర్ల నుంచి షేర్ ఆటోలో వెళ్ళగలిగిన దూరంలో, పొలాల నడుమ ఉన్న ఒక పెద్ద రేకుల షెడ్డు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే జనం పొద్దున తొమ్మిదింటికల్లా నిండిపోతారు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడం వల్ల గుంపులో స్త్రీలే ఎక్కువగా కనబడ్డారు. ఆధార్ కార్డు మరచిపోకూడదన్నది అందరికీ తెలిసిన మాటే గానీ మళ్ళీ చెప్పడం మంచిది. లోపలికి వెళ్ళగానే ఒక ప్రార్థన చీటీ ఇస్తారు. అందులో పేరు, ఊరు రాసి సమస్యకు ఎదురుగా గీత పెట్టాలి. ఆ సమస్యల వరుసను నేను రెండుసార్లు చదివాను: వ్యాధి, అప్పులు, సంతానం, కోర్టు కేసు, పెళ్ళి సంబంధం, తాగుడు, దుష్టశక్తుల పీడ, ఉద్యోగం. బయటనైతే వీటికి ఎనిమిది వేర్వేరు గుమ్మాలు తొక్కాలి. ఇక్కడ అన్నీ ఒక్క చీటీలోనే ఉన్నాయి, ఎందుకంటే బతుకులో అవి అలాగే కలిసి వస్తాయి. మొగుడి తాగుడు వల్ల అప్పు, అప్పు వల్ల నిద్రలేమి, నిద్రలేమి వల్ల బీపీ, ఇదంతా ఎవరో చేయించిన చేతబడి అన్న అనుమానం. నా పక్కన కూర్చున్న ఒక తల్లి తన కష్టాన్ని సరిగ్గా ఈ వరుసలోనే చెప్పుకున్నది.

సదుపాయాల విషయానికి వస్తే, తాగునీళ్ళకు లోటు లేదు, సాయంత్రం ఉపవాసం విడిచాక అన్నం, పప్పుచారు ఉచితంగా పెడతారు, వడ్డించే యువకులు మర్యాదగా ఉన్నారు. మరుగుదొడ్లు మాత్రం అంత జనానికి ఏ మూలకూ చాలవు. సౌండు బాక్సుల ముందు కూర్చుంటే వృద్ధులకు గుండె దడ వస్తుంది, కాబట్టి పక్క గోడ వైపు, ఫ్యాను కింద చోటు చూసుకోవాలి. షుగరు ఉన్నవారు ఉపవాసం ఉండనక్కర లేదని వేదిక మీద ఎవరూ చెప్పలేదు. మేము మాత్రం బిస్కెట్లు, మజ్జిగ వెంట తీసుకువెళ్ళి వేళకు తినిపించాము, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కొబ్బరినూనె సీసాలు బయట దుకాణాల్లో అమ్ముతారు, ఇంటి నుంచి తెచ్చుకున్నా ప్రార్థించి ఇస్తారు. రోగికి నూనె రాసి ప్రార్థించమని బైబిలులోని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం సంఘపు పెద్దలకు చెప్పింది కదా, దానికి ఇది బజారు రూపం అనుకోవాలి.

నాకు నచ్చనిది సాక్ష్యాల సమయం. నడుము నొప్పి పోయిందని, గర్భం నిలిచిందని, కొడుకు తాగుడు మానాడని ఒక్కొక్కరు చెబుతుంటే వినడానికి సంతోషంగానే ఉంది, వారి కళ్ళలోని కృతజ్ఞతను అనుమానించడానికి నేనెవరిని? అయితే వేదిక మీది బోధకుడు మధ్యలో, మందులు మానేసి విశ్వాసంతో నిలిచినవారు చేతులెత్తాలని అడిగాడు. లేచిన చేతుల్లో ఎన్ని ఇన్సులిను వేసుకునేవారివో ఆయనకు తెలియదు. మొదటి తిమోతి పత్రికలో పౌలు తన శిష్యుడికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని రాశాడు, తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు ప్రార్థించినా అది తొలగలేదని కొరింథీయులకు చెప్పుకున్నాడు. ఆ రెండు వాక్యాలూ ఆ రోజు ఎవరి నోటా వినబడలేదు.

రాత్రికి అక్కడే ఉండేవారి కోసం వెనుక మరో షెడ్డు ఉంది, చాపలు ఇస్తారు, రుసుము లేదు. కొందరు వారాల తరబడి ఉంటున్నారు. ఒక తల్లి మతి చలించిన కొడుకు మణికట్టును తన చున్నీతో తన చేతికి కట్టుకుని పడుకుంది, అంతకు మించి బంధించినవారెవరూ నాకు కనబడలేదు. ఇటువంటి చోట బస చేయదలచినవారు మొదట చూడవలసింది అదే. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టులో దర్గా చుట్టూ ఉన్న ఒక ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. మతం ఏదైనా, గొలుసు కనబడిన చోట బస వద్దు. మేము మాత్రం దోమల వల్లా, పెద్దమ్మ రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి ఉండడం వల్లా లాడ్జికే తిరిగి వచ్చాము.

జడ్చర్లలోనే మెనొనైట్ బ్రెదరెన్ మిషను 1950లలో నెలకొల్పిన వైద్యశాల ఉంది. దగ్గరదగ్గరగా ఉన్న ఆ షెడ్డులోనూ ఈ వైద్యశాలలోనూ పని చేసేది ఒకే దేవుడి పేరున అని గుర్తుంచుకుంటే చాలు. ఒక చోటికి వెళ్ళినవారు రెండో చోటికి వెళ్ళడం ద్రోహం అనుకోనక్కర లేదు.

జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా దేవరకొండ వైపు 167వ జాతీయ రహదారి పోతుంది. ఆ దారిలో ఒక తండాకు ఆనుకుని ఉన్న చిన్న సంఘంలో, మాకు దూరపు చుట్టమైన పాస్టర్ గారి ఇంట్లో దిగాము. ఈ యాత్రలో బసకు మొదటి మార్కు ఆ ఇంటికే ఇస్తాను: నులక మంచం, జొన్న రొట్టె, తోటకూర, ఇంటి వెనుకే బాత్‌రూము. రాత్రి ఎనిమిదింటికి పది పన్నెండు మంది వచ్చారు. ఒక చంటిబిడ్డ సాయంత్రం నుంచి పాలు తాగడం లేదని, ఎవరి దిష్టో తగిలిందని తీసుకువచ్చారు. పాస్టర్ గారి భార్య, అందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడ, బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని చాలాసేపు ప్రార్థన చేసింది, ఆ తర్వాత కడుపు మీద వేలితో తట్టి చూసి, జ్వరం కొలిచి, తెల్లవారేసరికి తాగకపోతే దేవరకొండ దవాఖానాకు తీసుకుపోవాలని బిడ్డ తండ్రి దగ్గర మాట తీసుకుంది. దిష్టి లేదని ఆవిడ ఎవరినీ ఎగతాళి చేయలేదు, ఉందని భయపెట్టనూ లేదు. పెద్దమ్మ సంచిలోని మాత్రల అట్టలు కూడా తీయించి, ఏది తిండికి ముందో ఏది తర్వాతో అడిగి, ఒక అట్టకు గడువు దాటిందని పట్టుకున్నది ఆవిడే. పాల్ హీబర్ట్ చెప్పిన ఆ నడుమ ఖాళీలో ఈ అమ్మగారు నిలబడి ఉన్నారని నాకనిపించింది.

అక్కడి నుంచి నల్లగొండ వైపు వెళ్ళేటప్పుడు మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల సంగతి తలవకుండా ఉండలేము. బోరు నీటిలోని ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలను వంచి, పళ్ళకు గార పట్టించిన నేల ఇది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును నీటి అడుగుకు దించే నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఒకసారి వంగిన వెన్ను మందుతో తిరిగి నిటారు కాదు. ఒక ఆదివారం ఆరాధనలో అలా వంగిన నడుముతో కర్ర పట్టుకుని నిలబడి ఒక పెద్దాయన సాక్ష్యం చెప్పాడు. తన నడుము బాగైందని కాదు, తన మనవరాలి పళ్ళు తెల్లగా ఉన్నాయని, నల్లా నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్ల అని, దేవునికి స్తోత్రమని. సంఘమంతా హల్లెలూయ అన్నది. ఈ యాత్రలో నేను విన్న సాక్ష్యాల్లో నాకు బాగా నచ్చింది అదే, కానీ అది ఏ పెద్ద సభల వేదికకూ ఎక్కదని అనుమానం.

నల్లగొండ క్రైస్తవ చరిత్ర కూడా పాతదే. రష్యా దేశపు మెనొనైట్ అయిన అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టుల తరఫున ఇక్కడ పని ప్రారంభించాడు. కతోలికులకు 1976 నుంచి ఇది ప్రత్యేక మేత్రాసనం, అంటే ఒక బిషపు పాలనలోని ప్రాంతం. పట్టణంలో ఒక దివ్యబలిపూజకు వెళ్ళాము. పూజ తర్వాత ఫాదర్ గారు వృద్ధుల నుదుటి మీదా చేతుల మీదా నూనె రాసి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇచ్చారు. కేకలు లేవు, సాక్ష్యాలు లేవు, గంటలో అయిపోయింది. పెద్దమ్మకు ఇది చప్పగా తోచింది. నాకు మాత్రం ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేవకుండా ఫాదరే వారి దగ్గరికి రావడం నచ్చింది. ఇక్కడివారు ఫిబ్రవరి 11 నాటి లూర్దుమాత పండుగకు విజయవాడ గుణదలలోని మరియమాత క్షేత్రానికి వెళ్తారు. ఫ్రాన్సులోని అసలు లూర్దులో 1858 నాటి మరియమాత దర్శనాల తర్వాత వేల మంది స్వస్థత పొందామని చెప్పుకున్నా, వైద్యుల పరిశీలన దాటి సంఘం అద్భుతాలుగా ప్రకటించినవి డెబ్బై పైచిలుకు మాత్రమే. శుక్రవారం షెడ్డులో ఒక్క మధ్యాహ్నం విన్న అద్భుతాలు దాదాపు అంతే ఉంటాయి.

పాల్ హీబర్ట్ చెప్పిన మరొక సంగతి పెద్దమ్మకు నల్లగొండ లాడ్జిలో చెప్పాను. ఒక పల్లెలో మశూచి వచ్చినప్పుడు గ్రామదేవత బలికి చందా ఇవ్వబోమన్నందుకు క్రైస్తవులను ఊరు నిందించింది. అంతలో వారి పిల్లకే జబ్బు సోకింది. సంఘ పెద్ద మిషనరీ దగ్గరికి వచ్చి ప్రార్థన అడిగాడు. పిల్ల బతకలేదు. మిషనరీ ఓడిపోయినట్టు కుంగిపోతే, సమాధి దగ్గర మా నిరీక్షణను, అంటే మళ్ళీ లేస్తామన్న ఆశను చూసి ఊరివారు అంతకన్న పెద్ద విజయాన్నే చూశారని ఆ పెద్ద చెప్పాడట. పెద్దమ్మ అంతా విని, "ఆయన మాట మంచిదే. కాని ఆ పిల్ల తల్లి ఏమన్నదో రాయలేదా?" అన్నది.

వెళ్ళదలచినవారికి నా సూచనలు కొన్నే. ఫలానా జబ్బు నయం చేస్తామని ఫ్లెక్సీ మీద రాసిన చోటికి వెళ్ళకండి. మంత్రతంత్రాలతో రోగాలు పోతాయని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నేరమన్నది. ప్రార్థనకు ముందే కానుక అడిగిన చోట చీటీ నింపకుండా తిరిగి రండి. మేము చూసిన చోట్ల కానుకల డబ్బా తిరిగింది గానీ ఎవరూ చేయి చాచలేదు. పెద్ద షెడ్డుకు ఒక పూట చాలు, చిన్న సంఘంలో రెండు రాత్రులు ఉండండి, మోకాళ్ళ నొప్పులవారు నల్లగొండ పూజకు వెళ్ళండి. మందుల ఫైలు, ఆరోగ్యశ్రీ కార్డు సంచిలో పైనే ఉంచుకోండి. గుణదల పండుగ రోజుల్లో నల్లగొండ మీదుగా పోయే రైళ్ళలో నిలబడడానికైనా చోటు దొరకదు, కాబట్టి వృద్ధులను తీసుకువెళ్ళేవారు పండుగ దాటిన వారంలో వెళ్తే దర్శనం, బస రెండూ సుఖంగా ఉంటాయి.