షిరింజెలో పాత గ్రీకు ఇంట్లో రెండు రాత్రులు

టర్కీలో ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు చూడబోయేవాళ్ళు సాధారణంగా పక్కనున్న సెల్చుక్ పట్నంలోనే బస చేస్తారు. మేం అక్కడి బస్టాండులో మినీబస్సు ఎక్కి, ఎనిమిది కిలోమీటర్ల అవతల కొండల్లో ఉన్న షిరింజెకు పోయాం. చర్చికి వెళ్ళే దారిలో ఒక చిన్న పెన్షన్‌లో, అంటే ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే బసలో దిగాం.

ముందు ఇబ్బందులు చెప్తాను. రాళ్ళదారి నిటారుగా ఉంటుంది, పెట్టెలు మనమే మొయ్యాలి. రెండో రోజు పొద్దున వేణ్ణీళ్ళు రాలేదు. టిఫిను మాత్రం బ్రహ్మాండం: ఆలివ్‌లు, జున్ను, అత్తిపళ్ళ జామ్, పెనం మీంచి వేడివేడిగా పాలకూర కూరిన గోజ్లెమె రొట్టె. శాకాహారులకు బెంగ లేదు.

అయినా నేను మళ్ళీ ఆ ఇంటికే పోతాను. కారణం ఇంటావిడ. టీ పోస్తూ, "ఈ ఇల్లు కట్టింది మావాళ్ళు కాదు" అంటూ మొదలుపెట్టింది. అప్పట్లో ఈ ఊరు చిర్కింజె, ఉన్నవాళ్ళు గ్రీకు క్రైస్తవులు. 1922లో టర్కీతో యుద్ధంలో గ్రీసు ఓడాక వాళ్ళు ఉన్నపళంగా వెళ్ళిపోయారు. టర్కీలోని క్రైస్తవులను, గ్రీసులోని ముస్లింలను అటూ ఇటూ మార్చుకోవాలన్న 1923 లోజాన్ ఒప్పందం వాళ్ళను ఇక తిరిగి రానివ్వలేదు. గ్రీసుకు పోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది, టర్కీకి వచ్చినవాళ్ళు 4 లక్షల దాకా. ఎవరు ఎటు పోవాలన్నది మాట్లాడే భాషను బట్టి కాదు, మతాన్ని బట్టి. ఆవిడ నాయనమ్మ గ్రీసులోని కవాలా నుంచి చంటిబిడ్డగా వచ్చిందట. పొగాకు తెలిసిన కుటుంబానికి ఇక్కడ అత్తిచెట్లు అప్పజెప్పారు.

టర్కిష్‌లో చిర్కిన్ అంటే అనాకారి. ఇజ్మీర్ గవర్నరు కాజిమ్ దిరిక్ ఊరి పేరును షిరింజెగా మార్చారని చెబుతారు. షిరిన్ అంటే ముద్దొచ్చేది. హైదరాబాదులో ఆడపిల్లలకు పెట్టే షీరీన్ కూడా ఈ మాటే.

మా అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. కొత్తగా కట్టుకున్న చోటికీ ఆ పాత పేరే పెట్టుకున్నారు. అందుకే అడిగాను, వెళ్ళినవాళ్ళు తమ ఊరికి ఏం పేరు పెట్టుకున్నారని. గ్రీసులో కతెరీని దగ్గర నేయా ఎఫెసోస్, అంటే కొత్త ఎఫెసస్ అంది. ఆ రాత్రి ఫోన్లో అమ్మకు చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళ బావి ఇంకా ఉందా?" అని అడిగింది.

పగటిపూట సందులన్నీ పళ్ళ వైన్ దుకాణాలు, జనం. చీకటి పడేసరికి ఊరు ఊరివాళ్ళకు మిగులుతుంది, కాబట్టి ఒక్క రాత్రయినా ఉండండి. గది తీసుకునేటప్పుడు లోయవైపు కిటికీ ఉన్నదే అడగండి, అత్తితోట కనిపిస్తుంది.