పెదవాల్తేరు పథ్యం క్యారేజీ: జ్వరం పడి లేచినవారి భోజనంపై ఒక సమీక్ష

విశాఖపట్నంలో క్యారేజీ భోజనానికి కొదవ లేదు. మద్దిలపాలెంలో విద్యార్థులకు, గాజువాకలో కర్మాగారాల ఉద్యోగులకు వండి పంపేవారు వీధికొకరు కనిపిస్తారు. జబ్బు పడి లేచినవారి కోసమే పొయ్యి వెలిగించేవారు మాత్రం అరుదు. పెదవాల్తేరులో ఒక పెద్దావిడ, ఆమె కోడలు కలిసి సొంత ఇంటి వంటగదిలో నడుపుతున్న పథ్యం క్యారేజీ అటువంటిది. దానికి బోర్డు లేదు, ప్రకటన లేదు, ఆప్ లేదు. తిని కోలుకున్నవారు మరొకరికి చెప్పడం వల్లనే అది నడుస్తోంది. పేరు గాని ఫోను నంబరు గాని రాయవద్దని ఆవిడ కోరారు కనుక రాయడం లేదు. ఆ పేటలో మందుల దుకాణం వారిని అడిగితే దారి చూపుతారు.

మేము ఈ క్యారేజీ తెప్పించుకున్నది ధనుర్మాసం చివరి రోజుల్లో, ఏజెన్సీలో చలి బాగా ముదిరిన వారంలో. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో ఇటువంటప్పుడు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపులకు దిగి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. విశాఖ నగరంలో మంచు అలా గడ్డకట్టదు, సముద్రం పక్కనే ఉండగా చలి అంతగా దిగదు. ఇక్కడి చిక్కు వేరు. ఆకాశం నిర్మలంగా ఉండే చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లారి, దానిని ఆనుకున్న గాలి చల్లబడి, దాని పైన వెచ్చని పొర నిలిచిపోతుంది; చుట్టూ కొండలు ఉండటం వల్ల పొగా దుమ్మూ కదలక కిందనే ఉండిపోతాయి. ఉదయం 8 గంటలు దాటినా వీధి చివర కనిపించని ఆ పొగమంచులో, జ్వరం తగ్గినా దగ్గు తగ్గని మనిషి సంచీ పట్టుకొని రైతు బజారుకు వెళ్లగలిగే పరిస్థితి ఉండదు.

మా ఇంట్లో ముందు నేను, నా వెనుకనే మా ఆవిడ పడకేశాం. వైద్యుడు పరీక్ష చేయించి ఫ్లూ అని తేల్చి, వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదని వివరించి, పారాసిటమాల్, పుష్కలంగా నీళ్లు, విశ్రాంతి, తేలికపాటి ఆహారం అని చీటీలో రాశారు. ఆ నాలుగింటిలోనూ ఆచరణలో కష్టమైనది చివరిదే. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చు చేసే శక్తి సుమారు పదో వంతు పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆకలి చచ్చిపోతుంది. వండే ఓపిక ఇద్దరిలో ఎవరికీ లేక హోటళ్ల నుంచి తెప్పించి చూశాం. ఒక చోటి సూపు మొక్కజొన్న పిండితో చిక్కబడి నాలుకకు అంటుకుపోయింది. మరొక చోటి ఇడ్లీలు మెత్తగానే ఉన్నాయి గాని, వెంట వచ్చిన సాంబారు గొంతు దిగేలోపే దగ్గు తెప్పించింది. ఆరోగ్య భోజనం అన్న శీర్షిక కింద అమ్మే పచ్చి కూరముక్కలు, మొలకెత్తిన గింజలు ఒంట్లో పుష్టి ఉండి బరువు తగ్గదలచినవారికి తగినవే కావచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరిగే మనిషికి అవి నమలడమే ఒక పని.

పెదవాల్తేరు ఆవిడకు ఫోను చేసినప్పుడు ఆమె మొదట అడ్రసు అడగలేదు. "జ్వరం పూర్తిగా దిగిందా బాబూ? నోరు చేదుగా ఉందా, చప్పగా ఉందా? విరేచనం సాఫీగా అవుతోందా? ఇద్దరిలో ఎవరికైనా షుగరు గాని బీపీ గాని ఉందా? డాక్టరుగారు ఏమైనా తినవద్దన్నారా?" అని వరుసగా అడిగారు. నాకు జ్వరం దిగిందనీ, మా ఆవిడకు సాయంత్రాలు ఇంకా వస్తోందనీ, ఆమెకు షుగరు కూడా ఉందనీ చెప్పాను. "అయితే ఇద్దరికీ ఒకే క్యారేజీ కుదరదు బాబూ, వేరువేరుగా కట్టిస్తాను, ఎర్రదారం కట్టినది అమ్మాయిది" అన్నారు. మా ఆవిడ వయసు 60కి దగ్గరవుతున్నా ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా ఆమె అమ్మాయే. ఇతర క్యారేజీల వారికీ ఈమెకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది: ఇక్కడ ఆ రోజు మెనూ అంటూ ఒకటి ఉండదు, ఆ రోజు ఆ రోగి ఏ దశలో ఉన్నాడో దానిని బట్టి వంట మారుతుంది.

నాకు వచ్చిన మొదటి క్యారేజీలో పాత బియ్యంతో పలుకు లేకుండా మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు, పాలు పోసి వండిన ఆనపకాయ కూర, మిరియాల చారు, వెన్న తీసిన పలుచని మజ్జిగ, చిన్న డబ్బీలో ఒక ముక్క పాత నిమ్మకాయ ఊరగాయ ఉన్నాయి. పెసరపప్పును దోరగా వేయించి, పప్పు ఉనికి తెలియనంత మెత్తగా ఉడికించి, పసుపు, ఉప్పు వేసి, నేతిలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు మాత్రమే పోపు పెట్టారు. ఎండుమిర్చి తునక కూడా లేదు. ఆనపకాయ కూరకు పాల వల్ల వచ్చిన సన్నని తీపి తప్ప వేరే మసాలా ఏదీ లేదు. చింతపండు, ఆవపిండి, వంకాయ, గోంగూర, శనగపిండి దరిదాపుల్లో కనిపించవు. ఆవ పెట్టిన కూరలకు అలవాటుపడిన ఉత్తరాంధ్ర నాలుకకు ఇదంతా చప్పగా తోచాలి. మామూలు రోజుల్లో అయితే నేనే పక్కకు నెట్టేవాణ్ణి. ఆ పూట మాత్రం గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాను.

అందుకు చాలా వరకు కారణం ఆ చారు. మనం రుచి అనుకునేదానిలో పెద్ద భాగం నిజానికి వాసన. ముక్కు మూసుకుపోయినప్పుడు నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు వంటివి మాత్రమే తెలుస్తాయి. పప్పుకూ కూరకూ తేడా తెలియకపోవడానికి అదే కారణం. మిరియాల ఘాటు ఆ దారిన వచ్చేది కాదు. అది నోటిలో మంటను, వేడిని పసిగట్టే నరాలను తాకుతుంది కనుక ముక్కు పనిచేయకపోయినా తెలుస్తుంది. ఈ పెద్దావిడ చారులో మిరియాలు, జీలకర్ర, ధనియాలు అప్పటికప్పుడు దంచి వేస్తారు. పులుపుకు చింతపండు బదులు దించిన తర్వాత నిమ్మరసం పిండుతారు. వేడి చారు గ్లాసులో పోసుకొని తాగితే ఒంట్లోకి నీరు, ఉప్పు రెండూ చేరతాయి. అన్నం తినలేని పూట కూడా చారు ఒక్కటి తాగితే వెలితి తోచలేదు. దానితో దగ్గు నయమవుతుందని ఆవిడ అనలేదు, నేనూ అనను; గొంతు బిగుతు కొంతసేపు వదిలింది, అంతే.

మా ఆవిడ ఎర్రదారం క్యారేజీ కథ వేరు. జ్వరం వచ్చిపోతున్నంత కాలం ఆమెకు వామూ ఉప్పూ వేసిన గంజి, గిన్నెడు పెసరకట్టు, ఆవిరి మీద ఉడికించిన చిన్న ఇడ్లీలు వచ్చాయి. జ్వరం నిలిచిన తర్వాత పులగం మొదలైంది. ఆ తర్వాత పొట్లకాయ, బీరకాయ, ఇంకా తర్వాత అరటికాయ, చివరికి చారెడు కందిపప్పు. వైద్యుడు తేలికపాటి ఆహారం అన్న ఒక్క మాటలో వదిలేసిన విషయాన్ని ఈ వంటగది మెట్లు మెట్లుగా విడదీసి పంపింది. ఏ రోజు ఏ మెట్టో నిర్ణయించడానికి పెద్దావిడ ఉదయం 7 గంటలకు తప్పకుండా ఫోను చేసేవారు. ఆ ఫోను ఎత్తకపోతే ముందురోజు వంటే వస్తుంది.

చోడి జావ, అంటే రాగి జావ, విషయంలో కొంత చర్చ జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మనం తినే ధాన్యాల్లో దానికి సాటి వచ్చేది లేదు. అందువల్ల చోళ్లు షుగరు ఉన్నవారికీ మంచివేనన్న నమ్మకం ఇంటింటా స్థిరపడింది. గింజ ఎంత మంచిదైనా, మెత్తగా పిండి పట్టించి పలుచగా కాచిన జావ గట్టి ముద్ద కన్నా త్వరగా అరుగుతుంది, రక్తంలోకి చక్కెర కూడా అంత త్వరగానే చేరుతుంది. జావ తాగిన పూట మా ఆవిడ గ్లూకోమీటరులో అంకె పెరిగింది. ఆ సంగతి చెప్పగానే పెద్దావిడ వాదించకుండా జావ మానిపించి, ఆ స్థానంలో పెసరకట్టు పాళ్లు పెంచి, వేయించిన పెసరపప్పుతో కాచిన పలుచని కట్టు పంపారు. నాకు మాత్రం అనకాపల్లి బెల్లం, శొంఠి వేసిన చోడి జావ పది గంటల వేళ వస్తూనే ఉంది. నేను ఆ జావ కోసం ఎదురు చూసేవాణ్ణి.

లోపాలు లేవని కాదు. మొదటిది ఊరగాయ. నోటికి రుచి తెప్పించడానికి పాత నిమ్మకాయను మించినది లేదన్నది నిజమే గాని, రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, ఒక్క ముక్కతో అందులో గణనీయమైన భాగం పోతుంది. బీపీ ఉన్నవారు ముందే వద్దని చెప్పడం మంచిది. చెప్పకపోతే అదే వస్తుంది. రెండవది వేడి. స్టీలు గిన్నెల్లో చలి ఉదయాన స్కూటరు మీద వచ్చేసరికి అన్నం గోరువెచ్చగా మారుతుంది, చారును మళ్లీ కాచుకోవలసిందే. వండిన అన్నం గది వేడిమిలో గంటల తరబడి ఉంటే అందులో కడుపును పాడుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక, రాత్రికి దాచుకుందామనుకునేవారు ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేసుకోవాలి. పొగమంచు దట్టంగా ఉన్న ఒక ఉదయం క్యారేజీ బాగా ఆలస్యమై, మాత్ర వేసుకోవలసిన వేళ దాటిపోయింది. ముందుగా ఫోను చేసి చెప్పి ఉంటే బ్రెడ్డుతో సరిపెట్టుకునేవాళ్లం.

మూడవ లోపాన్ని లోపం అనవచ్చో లేదో గాని, ఇక్కడ శాకాహారం తప్ప వేరేది దొరకదు, గుడ్డు కూడా ఉండదు. జబ్బులో కరిగిన కండ తిరిగి రావడానికి మాంసకృత్తులు కావాలి. పెసరపప్పు, మజ్జిగ కొంతవరకు ఆ పని చేస్తాయి గాని, కోలుకునే చివరి దశలో అవి చాలినట్టు నాకు అనిపించలేదు. రేవు పక్కనే ఉండి, కారం తగ్గించి వండిన ఒక చేప ముక్క కోసం మరొక చోట వెతుక్కోవలసి రావడం విశాఖవాసికి కాస్త చిన్నతనంగానే ఉంటుంది. ఆకలి పూర్తిగా తిరిగి వచ్చిన తర్వాత ఈ క్యారేజీ పాళ్లు కూడా చాలవు. ఆ మాట చెబితే ఆవిడ నవ్వి, "అంటే మీకిక నా క్యారేజీ అక్కర్లేదు బాబూ" అన్నారు. వచ్చిన ఖాతాదారును తనంతట తానే సాగనంపే వ్యాపారాన్ని నేను ఇంతకు ముందు చూడలేదు.

శుభ్రత విషయంలో నాకు సంతృప్తి కలిగింది. ఓపిక వచ్చాక గిన్నెలు తిరిగి ఇచ్చే నెపంతో వెళ్లి వంటగది చూశాను. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఇంటి నుంచి వండి అమ్మేవారు కూడా నమోదు చేసుకోవాలి. 14 అంకెల ఆ నంబరున్న పత్రం గడప లోపలే గోడకు తగిలించి ఉంది. తాగునీరు కాచి చల్లార్చినది, గిన్నెలు కడిగి ఎండలో బోర్లించినవి. ఒక ఇంటి నుంచి తిరిగి వచ్చిన క్యారేజీని సలసల కాగే నీటిలో ముంచి గాని మరొక ఇంటికి పంపరు. జ్వరం ఉన్న ఇళ్ల మధ్య తిరిగే గిన్నెలకు ఈ జాగ్రత్త అవసరమే.

మధ్యాహ్న భోజనం క్యారేజీ పూటకు 130 రూపాయలు, గంజి గాని జావ గాని 50 రూపాయలు. పెదవాల్తేరు, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ దాటి పంపరు. ఒంటరిగా ఉండే వృద్ధులకు, ఇంటిల్లిపాదీ పడకేసిన కుటుంబాలకు, హాస్టల్లో జ్వరం తెచ్చుకున్న పిల్లలకు దీనిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మూత్రపిండాల జబ్బు వల్ల గాని, శస్త్రచికిత్స తర్వాత గాని ప్రత్యేక ఆహారం రాయించుకున్నవారు తమ వైద్యుని అడగకుండా తెప్పించుకోకూడదు. ఆవిడ కూడా అటువంటివారికి వండనని ముందే చెబుతారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ పొయ్యి వెలగదు. ఆ రోజుల కోసం వేయించిన పెసరపప్పు, కరివేపాకు పొడి, చారు పొడి పొట్లాలు కట్టి 80 రూపాయలకు ఇస్తారు, కావలసినవారు భోగికి రెండు రోజుల ముందే చెప్పి ఉంచాలి.