బొగద రాత కోసం పోతే మేకను కట్టే గుంజ దొరికింది

మొదటే చెప్పేస్తున్నా, పాత బొగద సొరంగం లోపలికి మేం పోలేదు. ఫొటోల కోసమే చదువుతుంటే ఇక్కడితో ఆపేయొచ్చు, నేనేమీ అనుకోను. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలు దారిలో, నల్లమల నడుమ, ఇంగ్లీషువాళ్ళ కాలంలో తవ్విన మీటర్‌గేజి (పట్టాల నడుమ మీటరు ఎడముండే చిన్న లైను) సొరంగం అది. ఆ పాత దారిలోదే దొరబావి వంతెన కూడా. 1990ల్లో బ్రాడ్‌గేజి వేసినప్పుడు లైనును పక్కకు జరిపి కొత్తగా సొరంగం తవ్వుకున్నారు, పాతవి రెండూ అడవికి మిగిలిపోయాయి. సొరంగం మూతి మీద రాళ్ళలో ఏదో ఒకటి చెక్కి ఉంటుందని, అది నా కళ్ళతో చదవాలని చాన్నాళ్ళ నుంచి నాకో పిచ్చి.

మాది కర్నూలు. తోడు మా పెద్దనాయన వచ్చాడు. ఆయన మీటర్‌గేజి రోజుల్లో లైను బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, బ్రాడ్‌గేజి వచ్చాక, పట్టాలను బిగించే కీలు చూసుకునే కీమ్యాన్‌గా రిటైరైన మనిషి, ఇప్పుడు డెబ్బై దాటినాయి. "సొరంగంలో ఏముందిరా, గబ్బిలాల కంపు తప్ప" అంటూనే ఉన్నాడు గానీ, తెల్లారేసరికి నాకంటే ముందే చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

బస ముందు రోజే నంద్యాలలో. స్టేషనుకు దగ్గరని ఒక లాడ్జిలో దిగాం, రూము తొమ్మిది వందలు. ఫోన్లో "ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు సార్" అన్నారు, తీరా పొద్దున ఐదింటికి అడిగితే గీజరు స్విచ్చి కింద కౌంటర్లో ఉంటుందట, అది వేసే పిల్లోడు ఏడింటికి గానీ రాడట. పెద్దాయన చన్నీళ్ళే పోసుకున్నాడు, నన్ను మాత్రం రోజంతా దెప్పాడు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, అది కూడా చెప్పాలి. గిద్దలూరులో అయితే ఎంచుకోవడానికి లాడ్జిలు తక్కువ, మెయిన్ రోడ్డు మీదవాటిలో లారీల మోత. పచ్చర్ల దగ్గర అడవిలో అటవీశాఖవాళ్ళ ఎకో టూరిజం కాటేజీలు ఉన్నాయి. కుటుంబంతో పోయేవాళ్ళకు, అడవిలో ఒక రాత్రి పడుకోవాలనే సరదా ఉన్నవాళ్ళకు అదే మేలు. కానీ రైలు కోసం పోయేవాళ్ళకు నంద్యాలే నయం, ఎందుకంటే పొద్దున ఆరింటికే టిఫిన్ దొరుకుతుంది. స్టేషన్ బయట బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం, నలభై రూపాయలకు కడుపు నిండింది. బొరుగులు మరీ నానకుండా, పప్పుల పొడి పైన పైన చల్లి ఇచ్చింది ఆమె, కర్నూల్లో కూడా ఈ మధ్య అంత బాగా తినలేదు.

ఇక రైలా, బస్సా, కారా అంటే, నా ఓటు రైలుకే. బస్సు దారి అడవి నడుమ నుంచే పోతుంది గానీ మలుపులకు పొట్టలో తిప్పుతుంది. కారైతే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు అనుకుంటాం, ఆ అడవిలో కనపడిన చోటల్లా దిగేది కాదు అది, పులుల అభయారణ్యం. మేం మొదట మాట్లాడుకున్న ట్యాక్సీ అతను రాత్రి రెండు వేలకు ఒప్పుకుని పొద్దున మూడు వేల ఐదొందలు అన్నాడు, సరే పో నాయనా అని పాసింజరు ఎక్కేశాం. టికెట్టు మనిషికి ఒక టీ, ఒక బజ్జి ఖర్చంతే.

గాజులపల్లె దాకా మామూలు మైదానమే, పొలాలు, దూరంగా కొండ వరస. మహానంది పోయేవాళ్ళు అక్కడ దిగిపోతారు. ఆ తర్వాతే ఘాటు, అంటే కొండదారి. రైలు వేగం తగ్గి, పక్కనున్న మనిషి మాట వినపడేంత నెమ్మదిస్తుంది. పట్టాల పక్కన కోసిన కొండను గమనించండి, పొరలు పొరలుగా పలకరాయి, నడుమ నడుమ తెల్లగా మెరిసే గట్టి రాయి. పలకరాయిని పలుగుతో పెళ్ళగించొచ్చు, ఆ గట్టి రాతికి మాత్రం బెజ్జం వేసి మందు కూరి పేల్చాల్సిందే. ఒకే కొండలో ఈ రెండూ కలిసి ఉండటమే సొరంగం తవ్వేవాళ్ళకు నరకం. కొత్త సొరంగంలోకి రైలు దూరగానే పిల్లలంతా ఒక్కసారి అరిచారు. నేను సెకన్లు లెక్కపెడదామని మొదలుపెట్టి, పెద్దనాయన ఏదో చెబుతుంటే లెక్క తప్పాను.

ఆయన చెప్పింది ఇది. వీళ్ళ గ్యాంగులో ఎవరూ 'టన్నెల్' అనేవాళ్ళు కాదట, 'బొగద' అంటే చాలట. నాకు అప్పుడు వెలిగింది. మరాఠీలో 'బోగదా' అంటే సొరంగమే! ఈ లైనును నడిపింది 1882లో పుట్టిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ, దాని హెడ్డాఫీసు ధార్వాడలో. ఆ వైపు నుంచి వచ్చిన మేస్త్రీలో, గుమాస్తాలో ఆ మాటను ఇక్కడ వదిలేసి పోయుంటారని నా ఊహ, ఇది ఊహే. అట్లయితే మనం 'బొగద సొరంగం' అంటున్నామంటే 'సొరంగం సొరంగం' అంటున్నట్టే. ఇంకా చూడండి, పక్కన స్టేషన్ పేరు చలమ, వంతెన పేరు దొరబావి. చెలమ అంటే ఇసకలో నీళ్ళ కోసం తోడుకునే గుంట, రెండోది ఎటూ బావే. ఆవిరి ఇంజిన్లకూ, వేల మంది కూలీలకూ ఆ కొండల్లో నీళ్ళు ఎంత కష్టమో ఊళ్ళ పేర్లే చెబుతున్నాయి అనిపించింది. రాతి మీద ఏం చెక్కారో తెలియదు గానీ జనం నోట్లో చెక్కింది మాత్రం చెరిగిపోలేదు.

అసలు ఈ కొండల్లోకి రైలెందుకు వచ్చింది అంటే కరువు వల్ల. 1876–78 ధాత కరువు కథలు సీమలో పుట్టినవాళ్ళెవరికీ కొత్త కాదు. మా అవ్వ కూడా గింజ పారబోస్తే 'ధాత కరువు తెస్తావురా' అని తిట్టేది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు మందిని పోగొట్టుకుంది. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ కూర్చుని, రైళ్ళుంటే ధాన్యం తొందరగా చేరుతుందని చెప్పింది. అట్లా గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా కృష్ణ ఒడ్డు దాకా బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే అని ఈ మీటర్‌గేజి వేశారు. మంచిదే. కానీ రైళ్ళు లేకనే జనం చచ్చారంటే నేను ఒప్పుకోను. అప్పటికే మద్రాసు రైల్వే కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా 1871లోనే వచ్చేసింది. రైలు పక్కన ఊళ్ళలో కూడా ధరలు మండినాయి, కొనే డబ్బే లేదు జనం దగ్గర. ఆ కరువు రోజుల్లోనే మన దేశం నుంచి గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోయాయి. సహాయ పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. మట్టి మోసే మనిషికి, అర కిలో కూడా లేని గింజలు!

మేం దిగువమెట్టలో దిగాం. పాత సొరంగం దాకా పోవడానికి వీలవుతుందా అని అడగాల్సిన చోట అడిగాం, కుదరదన్నారు. లోపల కోర్ ఏరియా, అంటే మనుషుల్ని పోనివ్వని నడిమి అడవి, పైగా రాళ్ళు ఊడి పడుతున్నాయట. బతిమాలడానికి నోరు తెరిచానో లేదో పెద్దనాయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు, "వాళ్ళు చెప్పింది నిజం, పద" అని. పట్టాల మీద నడుచుకుంటూ పోదాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా రాసి ఉంది, మలుపుల్లో బండి వచ్చేది కూడా కనపడదు.

చిన్నబుచ్చుకుని టీ తాగుతుంటే పెద్దాయనే అన్నాడు, "నీకు కావాల్సింది రాతలే కదా, రాతలు సొరంగానికే ఉంటాయా, పట్టాకు ఉండవా?" అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ కాలపు పట్టాలకు నడుం పక్కన ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. కొలిమిలో కడ్డీగా సాగదీసేటప్పుడే తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, బరువు, కొన్న రైల్వే పొడి అక్షరాలు అందులోనే పడతాయి. మీటర్‌గేజి మొదట్లో వేసిన పట్టా గజానికి 41¼ పౌన్లు, అంటే మీటరుకు ఇరవై కిలోల చిల్లర. ఇప్పుడు మనం ఎక్కొచ్చిన లైన్లో వేసేవి అరవై కిలోలవి. లైను పీకేశాక ఆ చిన్న పట్టాలు ఎటు పోయాయి? కంచెలకు గుంజలై, పశువుల పాకలకు దూలాలై, సీమంతా పరుచుకున్నాయి. ఏ ఊరికి పోయినా ఒకటి కనపడుతుంది, మనం చూడమంతే.

స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఒక అవ్వ ఇంటి ముందు మేకను కట్టేసిన గుంజ, అచ్చం అదే. నడుమెత్తు ఉంది. ఎర్రటి తుప్పు, పైన ఎన్నోసార్లు పూసిన సున్నం పెచ్చులు. అవ్వను అడిగి తడిగుడ్డతో తుడిచాం, ఏమీ కనపడలేదు. పెద్దనాయన ఆమె దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, దాన్ని పడుకోబెట్టి, ముగ్గు గీసినట్టు కాదు, చపాతీ కర్ర దొర్లించినట్టు మెల్లగా ఇనుము మీద దొర్లించాడు. అక్షరం ఉబ్బిన చోట తెలుపు అంటుకుంది, గుంటలో అంటుకోలేదు. ముందు ఒక అడ్డగీత, తర్వాత ఒక వంపు, పది నిమిషాల్లో పైనుంచి కిందికి 'ఆర్', 'ఎం', 'ఎస్' అని మూడు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. పట్టాను నిలబెట్టి పాతేశారు కాబట్టి రాత కింది నుంచి పైకి పోతుంది, మెడ పక్కకు వాల్చి చదువుకోవాలి. ఎస్.ఎం.ఆర్.!

సదరన్ మరాఠా రైల్వే అని ఎగిరి గంతేశాను. పెద్దనాయన నవ్వలేదు. "కింద ఏముందో చూడు ముందు" అన్నాడు. విషయం ఏమిటంటే, 1908లో ఈ కంపెనీని మద్రాసు రైల్వేతో కలిపి 'మద్రాస్ అండ్ సదరన్ మరాఠా' చేశారు, మనవాళ్ళ నోట్లో ఎం.ఎస్.ఎం. దాని పొడి అక్షరాల చివర కూడా ఎస్.ఎం.ఆర్. అనే వస్తుంది. కాబట్టి ఒట్టి మూడు అక్షరాలే ఉంటే 1908కి ముందుది, సొరంగం తవ్విననాటి పట్టా కూడా కావచ్చు. ముందు ఇంకేమైనా ఉంటే 1908కీ, 1951లో సదరన్ రైల్వే అయిపోయిన నాటికీ నడుమది. తేల్చే అక్షరం మట్టిలో ఉంది. పాత స్టేషన్లలో, సామాన్లలో ఇట్లాంటి అక్షరాలు చూస్తే ఈ తేడా గుర్తు పెట్టుకోండి, చాలామంది మూడు అక్షరాలు చూడగానే తొందరపడతారు, నాలాగే.

అవ్వ కాసేపు చూసి, "గుంజ పెరకతారా ఏంది నాయనా" అంది. పెరకము, జానెడు తవ్వి మళ్ళీ పూడుస్తామని చెబితే గడారి తెచ్చిచ్చింది. రాళ్ళ నేల, గడారి ఖంగుమంటోంది. తవ్వుతూ పెద్దనాయన ఒడ్డెవాళ్ళ గురించి చెప్పాడు. చెరువులు, రోడ్లు, రైలు కట్టలు, ఈ దేశంలో మట్టి ఎత్తింది ఎక్కువగా వాళ్ళే, ఈయన గ్యాంగులో సగం మంది ఒడ్డెవాళ్ళేనట, రాయి మీద సుత్తి పడిన చప్పుడు విని అది ఎటు చీలుతుందో చెప్పేవాళ్ళట. పట్టా మీద ఇంగ్లండు కొలిమి పేరు ఉంటుంది, కొన్న కంపెనీ పేరు ఉంటుంది. మోసినవాడి పేరు ఎక్కడ రాశారు పెద్దనాయనా అంటే, "జీతం పుస్తకంలో వేలిముద్ర ఉంటుంది పో" అన్నాడు.

జానెడు దిగాక సుద్ద మళ్ళీ దొర్లించాం. మొదట మెలిక తిరిగిన గుర్తు ఒకటి, 'అండ్' అని వాడతారే, అది. దాని కింద ఎం. అయిపోయింది, ఎం.ఎస్.ఎం.దే. నా ముఖం చూసి ఈసారి పెద్దనాయన గట్టిగా నవ్వాడు, "నేను డ్యూటీలో చేరినప్పుడు కీ కొట్టిన పట్టాలు ఇవేరా, వీటికేం తక్కువ" అని గుంజ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. సంవత్సరం ఇంకా కిందుంది. ఇంకో జానెడు అడిగితే అవ్వ ఒప్పుకోలేదు, గుంజ ఊగితే మేక నిలవదంట. ఆమె చెప్పినట్టే మట్టి పూడ్చి, చుట్టూ రాళ్ళు కొట్టి బిగించి, చెయ్యి కడుక్కుని గిద్దలూరు బస్సెక్కాం. సీటు దొరకలేదు, పెద్దనాయన చొక్కా నిండా సుద్ద.